నైన్ ఎంఎమ్మా, ఫార్టీఫైవా? తూటా సైజు కంటే ముందు వీసా సూడు తమ్మీ

అమెరికాల తుపాకులు కొనేటోళ్ల నడుమ వందేండ్ల సంది తెగని లొల్లి ఒకటున్నది. అంగీ కింద, నడుముకు దాసుకొని తిరిగే పిస్తోల్‌ల ఏ సైజు తూటా ఉండాలె? పాయింట్ 45 అని ఒకడంటడు. 9 ఎంఎం అని ఇంకొకడంటడు. పాయింట్ 380 చాలు అని మూడోవాడంటడు. మనకేంది ఈ పంచాది అనుకోవద్దు. గీ ప్రశ్న ఇప్పుడు మన ఊర్ల వాట్సప్ గ్రూపుల దాకా వచ్చింది. ఎమ్మెస్ సదువుకు పోయిన పొల్లగాడు రాత్రి షిఫ్టు చేసి ఒంటరిగ రూముకు పోతుంటే, ఈడ అమ్మానాయినకు నిద్ర పడ్తలేదు. "ఆడ అందరి కాడ తుపాకులుంటయట గద బిడ్డా, నువ్వు గూడ ఒకటి కొనుక్కోరాదు" అని ఫోన్‌ల చెప్పే తండ్రులు నాకు తెలుసు.

వాళ్ల బుగులు ఉత్తది కాదు. 2017 ఫిబ్రవరిల కాన్సస్ రాష్ట్రం ఓలేత్ పట్నంల మన హైదరాబాద్ ఇంజనీరును, మా దేశం ఇడిసి పొమ్మని ఒర్రుకుంట ఒకడు కాల్చి సంపిండు. 2018 జులైల ఆ పక్కనే ఉన్న కాన్సస్ సిటీల, హోటల్ల పనిచేస్తున్న వరంగల్ విద్యార్థి దోపిడీకొచ్చినోని తూటాకు బలైండు. అటెన్క గూడ గసొంటి వార్తలు ఆగలేదు. వార్త వచ్చిన ప్రతిసారి కింద కామెంట్ ఒక్కటే: "వాని కాడ గూడ ఒక గన్ను ఉండి ఉంటే..."

గందుకే నేను ఈ తూటాల ముచ్చట కుదురుగ సదివిన. అమెరికాల ఉన్న సోపతిగాండ్లను అడిగిన. నాకు సమజైంది ఏందంటే, సైజు ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది, అది పెద్ద కష్టమైన జవాబు గూడ కాదు. కష్టమైనవి వేరే ప్రశ్నలు. అవి ఎవరు అడుగుతలేరు. రెండూ వరుసగ చెప్త.

సినిమా తూటా వేరు, అసలు తూటా వేరు

మన సినిమాలల్ల హీరో పిస్తోలు పేల్చిండంటే విలన్ గాల్లెకు లేసి, అద్దాలు పగలగొట్టుకొని అవతల పడ్తడు. గట్ల ఏ పిస్తోలుతోని కాదు. ఇంటర్ ఫిజిక్స్‌ల సదివిన న్యూటన్ మూడో సూత్రం యాదికి తెచ్చుకోండ్రి. తూటాకు మనిషిని ఎగిరేసేంత బలం ఉంటే, పేల్చినోడు గూడ ఎనుకకు ఎగిరి పడాలె. వాడు నిలబడే ఉన్నడంటే, తాకినోన్ని గూడ అది ఎగిరేయదు.

అసలు పిస్తోలు తూటా చేసే పని ఒక్కటే, అది పోయిన తొవ్వల బెజ్జం చేస్తది. మెదడుకో, ఎన్నుపూస పైభాగానికో తాకితేనే మనిషి ఉన్నకాడ ఆగుతడు. లేకుంటే నెత్తురు కారి ఆగాలె, దానికి టైం పడ్తది. గుండెకు తాకినా మెదడుల ఉన్న ఆక్సిజన్‌తోని మనిషి 10 నుంచి 15 సెకన్లు కొట్లాడగలడని ఎఫ్‌బీఐ వాళ్ల 1989 రిపోర్టులనే రాసుకున్నరు. తాకిన వెంటనే కింద పడ్డోళ్లు శానమంది బుగులుకో, నొప్పికో పడ్డోళ్లు. తాగి ఉన్నోడు, కోపంల ఊగిపోతున్నోడు పడతడన్న గ్యారంటీ లేదు. "ఒక్క దెబ్బకు పడగొట్టే తూటా" అని దుకాణపోడు ఏది చూపెట్టినా అది అమ్ముడు ముచ్చట.

ఆవగింజంత తేడా

మన పేపర్లల్ల 9 ఎంఎం, 303, ఎస్ఎల్ఆర్ అన్న పేర్లు ఎన్‌కౌంటర్ వార్తలల్ల సదివినోళ్లమే. 9 ఎంఎం అంటే తూటా అడ్డం కొలత 9 మిల్లీమీటర్లు. పాయింట్ 45 అంటే అంగుళంల నూటికి 45 వంతులు, మన లెక్కల 11.4 మిల్లీమీటర్లు. రెండిటి నడుమ తేడా 2.4 మిల్లీమీటర్లు. ఆవగింజంత.

బరువు తులాలల్ల చెప్తే తొందరగ ఎక్కుతది. ఇప్పటి తులం 10 గ్రాములు. పాయింట్ 45 తూటా మామూలుగ 15 గ్రాములు, అంటే తులమున్నర. 9 ఎంఎం తూటా 8 గ్రాములు, తులానికి కొంచెం తక్కువ. పాయింట్ 380 తూటా 6 గ్రాములు, అర తులం మీద ఒక పిసరు. మరి తులమున్నరదే గట్టిగ తాకాలె గద? ఈడనే ఉన్నది కిటుకు. పెద్ద తూటా మెల్లగ పోతది, సెకనుకు 255 మీటర్ల దగ్గర. 9 ఎంఎం సెకనుకు 350 మీటర్లు ఉరుకుతది. జొన్న చేన్ల పిట్టలు కొట్టే వడిసెలను సూడండ్రి. చేత్తోని ఇసిరిన పెద్దరాయి కంటే వడిసెలల పెట్టి తిప్పిన చిన్నరాయి ఏం తక్కువ తాకదు. శక్తి లెక్క తీస్తే 9 ఎంఎం, పాయింట్ 45 రెండూ 480 జౌళ్ల అటుఇటుగనే ఉంటయి. పాయింట్ 380 మాత్రం దాంట్ల సగం మీద కొంచెం, 260 జౌళ్లు.

ఇంకో ముచ్చట. అమెరికాల సొంత రక్షణకు వాడే తూటా మొనకు గుంట ఉంటది. హాలో పాయింట్ అంటరు. శరీరంల దిగంగనే అది పుట్టగొడుగు లెక్క ఇచ్చుకుంటది. గట్ల ఇచ్చుకున్నంక 9 ఎంఎం సుమారు 14, 15 మిల్లీమీటర్లయితది. పాయింట్ 45 అయితే 17, 18. మొన ఇచ్చుకోని మామూలు తూటా అయితే మనిషిల నుంచి అవతలికి దూసుకపోయి ఎనుక ఉన్నోనికి తాకే ప్రమాదం ఎక్కువ.

మన దేశంల ఈ ఎంచుకునుడే లేదు. 9 ఎంఎం మన చట్టంల నిషిద్ధ బోరు. పోలీసోళ్లకు, ఫౌజుకే గాని మామూలు మనిషికి లైసెన్సియ్యరు. లైసెన్సున్నోళ్ల కాడ మనం ఎక్కువ సూసేది పాయింట్ 32 రివాల్వరు, పిస్తోలు. ఏ సైజు ఉండాలెనో ఈడ సర్కారు చెప్తది, ఆడ కొనేటోడు చెప్తడు. గందుకే ఆ లొల్లి ఆడ పుట్టింది.

చికాగో కబేళా నుంచి మయామి సడక్ దాకా

ఈ లొల్లికి మూలం అమెరికా ఫౌజు. 1900 ఏండ్ల మొదట్ల వాళ్లు ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించుకున్నప్పుడు, ఆడి మోరో జనం కత్తులు పట్టుకొని ఎదురు తిరిగిండ్రు. అప్పటి పాయింట్ 38 రివాల్వర్లతోని కాల్చినా వాళ్లు ఆగుతలేరని సిపాయిలు మొత్తుకున్నరు. 1904ల కెప్టెన్ థాంప్సన్, ఫౌజు డాక్టర్ మేజర్ లగార్డ్ కలిసి చికాగో కబేళాల పశువుల మీద, ఇంకా మనుషుల శవాల మీద తూటాలు పేల్చి సూసిండ్రు. పాయింట్ 45కు తక్కువ ఉండొద్దని తేల్చిండ్రు. 1911ల వచ్చిన పాయింట్ 45 పిస్తోలు రెండు ప్రపంచ యుద్ధాలు సూసింది. 1985ల ఫౌజు 9 ఎంఎంకు మారేదాకా అదే రాజ్యమేలింది. తాత చేతిల ఉన్నదే మనుమనికి నచ్చుతది. పాయింట్ 45 మీద మోజు ఇప్పటికి పోకపోవుటానికి గదొక కారణం.

మయామిల 1986 ఏప్రిల్ 11 నాడు అయిన కాల్పులు లొల్లిని మల్ల లేపినయి. బ్యాంకులు దోచే ఇద్దర్ని 8 మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు సడక్ మీద అడ్డుకున్నరు. అయిదు నిమిషాలు గూడ నడవని ఆ కాల్పులల్ల ఇద్దరు ఏజెంట్లు సచ్చిపోయిండ్రు, అయిదుగురికి గాయాలైనయి. ఇద్దరు దొంగల్ల ఒకనికి షురూలనే ఒక 9 ఎంఎం తూటా తాకింది. అది చెయ్యిల నుంచి ఛాతీలకు పోయి, గుండెకు ఒక అంగుళం దూరంల ఆగిపోయింది. వాడు అటెన్క గూడ కాల్చుకుంటనే పోయిండు.

"తూటా ఓడిపోయింది" అన్నది ఎఫ్‌బీఐ. పెద్ద తూటా కావాలని 10 ఎంఎం పట్టుకున్నది. అది శానమంది ఏజెంట్ల చేతుల్ల ఆగలే, ఎనుకకు తన్నుడు గంత ఉన్నది. దాన్ని తగ్గించి 1990ల కంపెనోళ్లు పాయింట్ 40 తెచ్చిండ్రు. దేశం మొత్తం పోలీసోళ్లు దానెంక పడ్డరు. పాతికేండ్లు గట్ల నడిచినంక, 2014ల అదే ఎఫ్‌బీఐ లెక్కలు తీసి మల్ల 9 ఎంఎం కాడికే తిరిగొచ్చింది. అప్పటికి తూటా తయారీ మారింది. కొత్త 9 ఎంఎం తూటాలు వాళ్లు పెట్టిన పరీక్ష పాసైనయి. జెల్లీ దిమ్మెల 12 నుంచి 18 అంగుళాలు దిగాలె, మందం బట్టలు, ప్లైవుడ్, కారు అద్దం అడ్డం పెట్టినా దిగాలె. గదీ పరీక్ష. మరి పాయింట్ 40, పాయింట్ 45తోని అయిన గాయం 9 ఎంఎం గాయం కంటే సెప్పుకోదగ్గంత ఎక్కువ ఏమన్న ఉన్నదా అంటే, లేదు. పైనుంచి 9 ఎంఎం తక్కువ తన్నుతది, ఒక మ్యాగజైన్‌ల ఎక్కువ తూటాలు పడ్తయి, తక్కువ పైసలకు దొరుకుతది. ముఖ్యంగ, అదే మనిషి 9 ఎంఎంతోని గురి ఎక్కువ కొడుతున్నడు.

గంతే. సైజు లొల్లి ఆడికి కతం. ఇప్పుడు అమెరికాల పోలీసోళ్లు ఎక్కువ మంది వాడేది 9 ఎంఎమ్మే.

10ల 7 తూటాలు యాడికి పోయినట్టు?

ఆ 2014 పత్రంల ఇంకో లెక్క ఉన్నది. నా మటుకైతే అసలు ముచ్చట అదే. నిజమైన కాల్పులల్ల పోలీసోళ్లు పేల్చిన తూటాలల్ల ఎదుటోనికి తాకేవి సగటున 20 నుంచి 30 శాతం. ట్రైనింగ్ అయినోళ్లు, జీతం తీసుకొని అదే పనిచేసేటోళ్లు, 10 పేలిస్తే తాకేవి రెండో మూడో. మరి నెలకోసారి గూడ ప్రాక్టీసు చెయ్యని మనిషికి ఎన్ని తాకుతయి? మిగిలిన ఏడు యాడికి పోతయి?

అమెరికా ఇండ్లు మన ఇండ్ల లెక్క ఇటుక, సిమెంటు గోడలు కావు. చెక్క చట్రం, దాని మీద జిప్సం పలక. అపార్టుమెంట్ల నడిమి గోడ గూడ శాన కాడ గంతే. పక్క గదిల పండుకున్న రూమ్మేటుకు, గోడవతల ఉన్న సంటిపిల్లకు ఆ గోడ అడ్డం కాదు. ఏ పిస్తోలు తూటా అయినా దాన్ని దాటిపోతది.

దాసుకొని తిరగాలంటే పిస్తోలు చిన్నగుండాలె. మనోళ్లకు దీంట్ల ఒక మెలిక తెలువదు. తుపాకి ఎంత చిన్నగ, ఎంత తేలికగ ఉంటే అదే తూటా చేతిల గంత ఎక్కువ తన్నుతది. జేబుల పట్టే బుల్లి పిస్తోలుతోని గురి కొట్టుడు పెద్ద పిస్తోలు కంటే కష్టం. మణికట్టు బలం తక్కువ ఉన్నోళ్లు, పెద్దమనుషులు పాయింట్ 380 దిక్కు పోయేది గందుకే. శక్తి తక్కువే, అయినా తాకిన 380 తాకని 45 కంటే నయం. 2018 నుంచి 10 తూటాలు పట్టే బుల్లి 9 ఎంఎం పిస్తోళ్లు గూడ వచ్చినయి. దాంతోని 380 గిరాకీ కొంత తగ్గింది.

ఆడి పౌరసత్వమో, గ్రీన్ కార్డో ఉండి, చట్టం ఒప్పుకొని, కొనుడు ఖాయం చేసుకున్న మనోళ్లకు నేను చెప్పగలిగిన జవాబు ఇది. 9 ఎంఎం. చేతిల నిండుగ పట్టే నడిమి సైజు పిస్తోలు. పేరున్న కంపెనీ హాలో పాయింట్ తూటా. చెయ్యి ఆగకుంటే 380. ఒక తుపాకి ఖర్చుకు రెండు తుపాకుల ఖర్చు ట్రైనింగుకు, ప్రాక్టీసు తూటాలకు పక్కకు పెట్టుకోవాలె. ఆ పైసలు, ఆ తీరిక లేకుంటే అసలు కొనుడే వద్దు.

టైం లెక్క గూడ ఒకటున్నది. 1983ల సాల్ట్ లేక్ సిటీ పోలీసు ట్యూలర్ అనేటాయన ఒక పరీక్ష పెట్టిండు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి ఉరికొస్తే ఒకటిన్నర సెకన్ల మీదికొచ్చి పడ్తడు. నడుముకున్న పిస్తోలు తీసి, గురిపెట్టి కాల్చేటందుకు నేర్పున్నోనికి గూడ గంత టైం పడ్తది. కౌంటర్ అవతల తుపాకి ఎక్కుపెట్టి నిలబడ్డోని ముందల, అంగీ లేపి పిస్తోలు తీసేటందుకు మన పొల్లగానికి టైం యాడున్నది? ఆ టైంల తూటా 9 మిల్లీమీటర్లా, 11 మిల్లీమీటర్లా అన్నది ఎవనికి అక్కెర?

వీసా మీద ఉన్నోళ్లు జర ఆగుండ్రి

అసలు పంచాది ఈడున్నది. అమెరికాల 2022 జూన్‌ల సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసుల తీర్పిచ్చింది, ఇంటి బయట తుపాకి పెట్టుకొని తిరుగుడు గూడ రాజ్యాంగ హక్కే అన్నది. టెక్సస్, జార్జియా అసొంటి 29 రాష్ట్రాలల్ల పర్మిట్ లేకుండనే దాసుకొని తిరగొచ్చు. మనోళ్లు ఎక్కువుండే డాలస్, అట్లాంటా ఆ రాష్ట్రాలల్లనే ఉన్నయి. గీ ముచ్చట ఇని శానమంది "ఓహో, అందరికీ ఫ్రీ" అనుకుంటుండ్రు.

అందరికీ కాదు. ఫెడరల్ చట్టం ప్రకారం, వలస రాని వీసా మీద ఉన్నోళ్లు తుపాకి గాని తూటా గాని దగ్గర పెట్టుకోరాదు. 1998 నుంచి ఈ నిషేధం ఉన్నది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా దీంట్లకే వస్తది. హెచ్-1బీ గూడ దీంట్లకే వస్తది. మనోళ్లకు గ్రీన్ కార్డు లైన్ ఎంత పొడుగున్నదో తెలిసిందే. పదేండ్లు, పదిహేనేండ్లు పన్నులు కట్టుకుంట, ఇల్లు కొనుక్కొని, అమెరికాల పుట్టిన పిల్లల్ని బడికి తోలుతున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గూడ ఆ చట్టం కంటికి ఇంకా వలస రానోడే. రాష్ట్రం పర్మిట్ అడగకపోయినా ఢిల్లీ మీద గల్లీ చెల్లనట్టు, వాషింగ్టన్ చట్టం ముందట టెక్సస్ సడలింపు పనిచెయ్యది. తప్పితే శిక్ష 15 ఏండ్ల దాకా ఉండొచ్చు. 2022ల దాన్ని 10 నుంచి 15కు పెంచిండ్రు. జైలు అయినంక దేశం నుంచి ఎల్లగొట్టుడు వేరే.

"నేను కొంటలేను గద, రేంజ్‌కు పోయి కిరాయికి తీసుకొని నాలుగు రౌండ్లు పేల్చి రీల్ తీసుకుంట" అనేటోళ్లు మస్తుగున్నరు. కిరాయి తుపాకి చేతిల పట్టుకున్నా అది దగ్గర పెట్టుకున్నట్టే. 2019ల అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయిన రిహైఫ్ కేసు గిదే. యూఏఈ నుంచి ఎఫ్-1 మీద ఫ్లోరిడాకొచ్చిన విద్యార్థి. మార్కులు రాక కాలేజోళ్లు తీసేసిండ్రు. దాంతోని ఆయన వీసా హోదా గూడ పోయింది. అటెన్క రేంజ్‌కు పోయి తుపాకులు పేల్చిండు. కేసు పడ్డది, 18 నెలల జైలు శిక్ష పడ్డది. తన హోదా పోయిన సంగతి ఆయనకు తెలుసని సర్కారు రుజువు చెయ్యాలె అని సుప్రీంకోర్టు చివరికి ఆయన దిక్కు తీర్పిచ్చింది. గాని అక్కడి దాకా పోవుటానికి ఎన్నేండ్లు, ఎంత ఖర్చు? మన ఊర్ల రెండెకరాలు అమ్మి పంపిన తండ్రి ఆ ఖర్చు యాడికెళ్లి తేవాలె? తెలిసీ పట్టుకున్నోనికైతే ఆ తీర్పు గూడ అక్కెరకు రాదు.

చట్టంల ఒక సందున్నది. ఏదన్న రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు, గడువు దాటనిది చేతిల ఉంటే ఆ నిషేధం వర్తించది. ఆన్‌లైన్ల కొన్ని డాలర్లు కడితే లైసెన్సు వస్తది. వేట ఎట్లుంటదో తెల్వని మన పిలగాండ్లు గా లైసెన్సు తీసుకొని తుపాకి కొంటుండ్రు. లైసెన్సు గడువు దాటిన తెల్లారి నుంచి అల్మారల ఉన్న ఆ తుపాకి నేరమే. యాడాది కింద తీసుకున్న లైసెన్సు తారీఖు ఎవనికి యాదుంటది? దుకాణంల నింపే ఫారంల వీసా సంగతి అడుగుతరు, ఆడ అబద్ధం రాస్తే అది వేరే నేరం. ఇట్ల రాసేయ్, ఏం కాదని చెప్పే సీనియర్ అన్న జైలుకు రాడు.

ఇంట్ల తుపాకి ఎవలకు తాకుతది?

2024 నవంబర్‌ల అట్లాంటాల ఉన్న మన హైదరాబాద్ ఎమ్మెస్ విద్యార్థి ఒకరు తన పుట్టినరోజు నాడే పాణం ఇడిసిండు. కొత్తగ కొన్న వేట తుపాకి తుడుస్తుంటే పేలిందని పేపర్లల్ల వచ్చింది. దోస్తులు పక్క గదిలనే ఉన్నరట. దొంగ రాలే, దోపిడీ కాలే. రక్షణకని ఇంటికి తుపాకి తెచ్చే ప్రతి పొల్లగాడు ఒకసారి ఆ వార్త సదవాలె.

దేశం మొత్తం లెక్క గూడ గట్లనే ఉన్నది. 2023ల అమెరికాల తుపాకులతోని 46,728 మంది సచ్చిపోయిండ్రు. దాంట్ల హత్యలు 17,927. తమ పాణం తామే తీసుకున్నోళ్లు 27,300. అంటే 10 మందిల దాదాపు ఆరుగురు బయటి దుష్మన్ చేతిల పోయినోళ్లు కాదు. అప్పు నెత్తి మీద ఉండి, కొలువు దొరకక, ఓపీటీ గడువు దగ్గరకొస్తుంటే, రూముల ఒంటరిగ కూసున్న పొల్లగాడు ఎట్లుంటడో మనకు తెలుసు. అసొంటి రూముల తుపాకి పెట్టుడు అంటే ఏ దిక్కు నుంచి ఆపద పెంచుకుంటున్నమో ఆలోచించాలె. ఆ రాత్రి గడిస్తే తెల్లారి మనసు మారుతది, తుపాకి దగ్గరుంటే తెల్లారేదాకా ఆగనియ్యది. ఆడ ఎవలన్న గట్ల కుంగిపోతే 988కు ఫోన్ కొట్టొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఆ నంబరు మీ గ్రూపుల పిన్ చేసి పెట్టుండ్రి.

మరి పొల్లగాండ్లు ఏం చెయ్యాలె?

చేతులు కట్టుకొని కూసోమని నేను అంటలేను. రాత్రి నడిచే దుకాణాలకు అమెరికా కార్మిక భద్రత శాఖే కొన్ని జాగ్రత్తలు చెప్పింది. గల్లాల తక్కువ నగదు, మిగిలింది తెరవరాని తిజోరీల. కిటికీలకు పోస్టర్లు అంటించకుండ బయటోళ్లకు కౌంటర్ కనవడేటట్టు. మంచి లైట్లు, కెమెరాలు. రాత్రి షిఫ్టుల ఒక్కరే ఉండకుండ. వీటికి పైసలు పెట్టాల్సింది ఓనరు. "నువ్వు ఒక గన్ను పెట్టుకో" అని చెప్పే ఓనరు, తన ఖర్చు మిగిలించుకొని నీ వీసాను, నీ పాణాన్ని పణం పెడుతున్నడు.

ఎదురుంగ తుపాకి పెడితే గల్లా ఇచ్చెయ్యాలె, ఎంట పడొద్దు, మొండి చెయ్యొద్దు. ఆ డాలర్లు ఓనరువి, పాణం మీ అమ్మది. వీసా రూల్ దాటి పనిచేస్తున్నమని బుగులుకు పోలీసోళ్లకు ఫోన్ చెయ్యకుండ ఊకునేటోళ్లు గూడ ఉన్నరు. దొంగలకు గదే ధైర్యం. గాయమైతే ముందుగల 911, అటెన్క వకీలు.

తుపాకి కంపెనోళ్లకు సైజు లొల్లి నడవాలె. 45 కొన్నోడు 9 ఎంఎం కొనాలె, 9 కొన్నోడు కొత్తగ వచ్చిన బుల్లి మోడల్ కొనాలె. గందుకే యూట్యూబ్‌ల ఆ వీడియోలు ఎన్నటికి ఒడువయి. ఈడ మనోళ్లు గూడ అవి సూసి, తపంచా పట్టుకొని రీల్స్ పెట్టి కేసులల్ల ఇరుక్కుంటుండ్రు. లైసెన్సు లేకుండ తుపాకి దొరికితే మన చట్టంల గూడ తక్కువల తక్కువ రెండేండ్లు. లైసెన్సున్నా పెండ్లి బరాత్‌ల గాల్లెకు పేలిస్తే రెండేండ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉన్నది.

ఫోన్ల "ఒకటి కొనుక్కోరాదు బిడ్డా" అనే తండ్రులకు ఒక్క మాట. ఏ సైజు కొంటవని అడగకుండ్రి. ఏ వీసా మీద ఉన్నవ్, రాత్రి షిఫ్టుల నీతోని ఇంకెవరుంటరు, రూముల నీతోని మాట్లాడేటోడు ఎవడన్న ఉన్నడా అని అడగుండ్రి. వారానికి రెండుసార్లు అడగుండ్రి. మన పొల్లగాండ్ల పాణం నిలిపేది ఎక్కువమట్టుకు ఈ మూడు ప్రశ్నల జవాబులే.